ఎండిపోయాయన్న పాలు

ఆదోని, 1956 శ్రావణం, శుక్రవారం రాత్రి

ఈరోజు పత్తి మిల్లు వెనక వీధిలో ఈరమ్మ ఇంటికి వెళ్లాను. నెలబిడ్డ పుల్లలా ఉన్నాడు. గుడ్డ వత్తిని గంజినీళ్లలో ముంచి నోట్లో పిండుతున్నారు.

"పాలు ఎండిపాయె నర్సమ్మా, ఇంగ యాడనుంచి వస్తాయి?" అంది ఈరమ్మ అత్త.

బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయని నేను చెబుతుండగానే పక్కింట్లో పసికందు ఏడ్చింది. అంతే, ఈరమ్మ రవిక పాలతో తడిసిపోయింది! నర్సు శిక్షణలో విన్నదే కానీ, కళ్లారా చూడటం ఇదే మొదలు. బిడ్డను రొమ్ముకు పట్టిస్తే గుటకలు వినిపించాయి.

మూలన సంగటి తింటున్న ఈరమ్మ మొగుడు మెల్లగా అడిగాడు: "ఆమెకేం పెట్టల్ల సెప్పు?"

"కడుపునిండా పెట్టప్పా, చాలు."

తన చేతిలోని ముద్ద ఆమె పళ్లెంలో పెట్టాడు. ఈ కరువులో రేపు ఇద్దరూ ఏం తింటారో...