ఒక్క ఎంటర్

కొత్తపేట,
18-4-2006

ప్రియమైన ఏలీయాకు,

నా చేతిరాత చూడగానే చింపేయకు. అమలాపురంలో ఒకే బల్ల మీద కంప్యూటరు నేర్చుకున్నవాళ్ళం, ఆ చనువుతో అడుగుతున్నాను, చివరిదాకా చదువు.

నేను అబద్ధం ఆడాను. ప్రాక్టికల్స్ ముందు రోజు, నువ్వు ఇచ్చి వెళ్ళిన సీడీ పెట్టి మీ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది నేనే. మా కాలేజీ ల్యాబ్ సంగతి నీకు తెలుసుగా, సర్వరు ఒకటి, పిల్లలందరికీ లాగిన్ ఒకటే. లాగిన్ అవగానే సర్వరు మొదట చదివే ఫైలులో, ఏ కమాండ్ ఎక్కడుందో చెప్పే వరుసని మీ ఇన్‌స్టాలర్ మార్చేసింది. అప్పటికే తెరిచి ఉన్న విండోలో చూస్తే అన్నీ బాగానే పనిచేశాయి. ఒక్కసారి బయటికొచ్చి మళ్ళీ లాగిన్ అయి చూడాలన్న బుద్ధి పుట్టలేదు నాకు. పరీక్ష ముందు ల్యాబ్‌కి సీలు వేయాలి కదా, ఆ తొందరలో తాళం పెట్టి లక్క సీలు వేయించేశాను. మర్నాడు పొద్దున్న ఇరవైమంది పిల్లలు లాగిన్ అయితే ఒక్క కమాండూ పలకలేదు. నువ్వు రామచంద్రపురం నుంచి వచ్చి ఆ వరుస దిద్దేసరికి ఎగ్జామినరు గారు అందరికీ సున్నాలు వేసి వెళ్ళిపోయారు.

"ఎవరు చేసేరమ్మా ఇది?" అన్నారు ప్రిన్సిపాల్ బుచ్చిరాజు గారు.

"ఏలీయా ఇచ్చిన సీడీయేనండి. అడక్కుండా మార్చేసిందండి" అన్నాను.

"ఆ పేటవాణ్ణి నమ్మితే ఇంతేనమ్మా" అన్నారాయన. "ఆయ్" అన్నాను. సిగ్గులేనిదాన్ని, నీ కులాన్ని ఎత్తిపొడిచిన ఆ మాటకి కూడా ఆయ్ అన్నాను! అదే మీ ఓనరు దాకా వెళ్ళి నీ ఉద్యోగం పోయింది.

నిజానికి మీ ఇన్‌స్టాలర్ నన్ను అడిగింది, ఏలీయా. "ఈ ఫైలు మార్చమంటారా?" అని తెర మీద అడిగింది. చదవకుండా ఎంటర్ కొట్టడమేగా మనకి అలవాటు, దానికీ కొట్టాను. వారం నుంచి అన్నం సయించడం లేదు. ఇవాళ బుచ్చిరాజు గారికి తప్పు నాదేనని రాసిచ్చి, ఉద్యోగం వదిలేసి వచ్చాను. నిన్ను తిరిగి తీసుకోమని మీ ఓనరు తాతారావు గారికీ ఉత్తరం వేశాను. క్షమించమని అడిగే మొహం లేదు నాకు.

నీ స్నేహితురాలు,
సూర్యావతి

రామచంద్రపురం,
22-4-2006

సూర్యావతీ,

ఎంత పని చేశావు తల్లీ! రాజీనామా ఇచ్చేముందు నాకొక్క ఫోన్ చేయకూడదూ?

తెర మీద అడిగిన ఆ ప్రశ్న ఉత్తుత్తిది. నువ్వు వద్దని కొట్టినా ఇన్‌స్టాలర్ ఆ ఫైలు మార్చే తీరుతుంది. "అడిగినట్టు ఉండాలయ్యా. జనం వద్దంటే మన సరుకు నడవదు" అన్నారు తాతారావు గారు. ఆయన చెప్పినట్టే ఆ ప్రోగ్రాం రాసింది నేను. ఆ వరుసలో పాత దారుల పక్కన కొత్తది చేర్చాల్సింది పోయి, పాతవన్నీ తుడిచేసిన తప్పూ నాదే. అందుకే పొమ్మంటే నోరెత్తలేదు. నువ్వు ప్రిన్సిపాల్ గారితో చెప్పింది నిజమే, నీకే తెలియలేదు.

నిన్న తాతారావు గారి దగ్గరికి వెళ్ళాను. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని, "ఆవిడే ఒప్పేసుకున్నారుగా, ఇంక మనకి భయం లేదు" అని నవ్వారు. నన్ను మాత్రం తీసుకోనన్నారు. ఆ సీడీలే ఇంకో నాలుగు కాలేజీలకి పంపుతున్నారు.

అట్నుంచి అటే కొత్తపేట వచ్చి బుచ్చిరాజు గారి ముందు నిలబడి అంతా చెప్పాను. "ఆవిణ్ణి కాపాడ్డానికి వచ్చేవా? మీ ఇద్దరికీ ఏవిఁటి సంబంధం?" అన్నారు, ఆఫీసులో అందరూ వింటుండగా. ఇంకో మాట కూడా అన్నారు, అది రాయలేను. నేను వెళ్ళకుండా ఉండాల్సింది.

ఆ మాట మీ ఇంటికి చేరేలోగా జరిగింది నువ్వే ఇంట్లో చెప్పేయి.

ఏలీయా