అన్న చొక్కా వేసుకున్న ఇసుక సంచి

ఆళ్లగడ్డ
1978, బుధవారం రాత్రి

ఈ రోజు నాయన పిల్ల గుర్రానికి జీను వేశాడు. మనిషి ఎక్కేముందు ఇసుక సంచికి చొక్కా తొడిగి, జీను మీద కట్టి తిప్పడం తాత నాటి నుంచీ మా ఇంటి పద్ధతి. బరువూ, మనిషి వాసనా దానికి అలవాటు కావాలి. నాయన పెట్టె తెరిచి అన్న చొక్కా తెచ్చాడు. పోయినేడు ఈ పిల్ల గుర్రం తల్లి మీదనుంచే అన్న పడి చనిపోయాడు. ఆ చొక్కాను అమ్మ ఉతకకుండా దాచింది.

“నాది వేయొచ్చు గదా నాయనా” అన్నాను.

“నీకుండేవే రెండు. వాట్లో ఒకటి చింపుకుంటావా?” అన్నాడు.

పొద్దు వాలేసరికి గుర్రం కళ్లంలో గుండ్రంగా తిరుగుతోంది. సంచి కొంచెం ముందుకు వంగింది. అన్న కూడా అలాగే కూర్చునేవాడు. అమ్మ వంటింట్లోంచి మజ్జిగ చెంబు తెచ్చి, గుర్రం పక్కన నిలబడి పైకెత్తి పట్టుకుంది. నాయన గుర్రాన్ని ఆపాడు.

“దిగినాక తాగుతాడులే. ఆడ పెట్టు” అన్నాడు నాయన.

అమ్మ చెంబును గట్టు మీద పెట్టి లోపలికి పోయింది.

వచ్చే ఆదివారం సంచి దించి నన్ను ఎక్కమన్నాడు నాయన. గుర్రానికి ఆ వాసనే తెలుసట, ఆ చొక్కానే తొడుక్కోవాలట. అన్న పోయినప్పటి వయసు ఇప్పుడు నాది. ఇందాక సంచి మీంచి తీసి తొడుక్కుని చూశాను, సరిగ్గా సరిపోయింది.

ఆదివారం అమ్మ మళ్లీ మజ్జిగ తెచ్చి పైకెత్తి పట్టుకుంటే, అందుకోవాలా వద్దా...