మా అక్కను ఒకటి అని రాయండి

క్షయ నివారణ అధికారి గారి సముఖమునకు,
మందుల గోడౌనులో ప్యాకింగ్ పని చేసే కార్మికుడు రాసుకున్నది.

అయ్యా,

విషయం: ప్రైవేటులో మందు వాడే క్షయ రోగుల సంఖ్యపై పోయిన నెల నేను ఇచ్చిన అర్జీలోని తప్పును సరిదిద్దుట, మా అక్కను తమ రిజిస్టరులో పూర్తి మనిషిగా నమోదు చేయుట గురించి.

1. తమ పరిధిలోని ప్రైవేటు మందుల షాపులకు క్షయ మాత్రలు నా చేతుల మీదుగానే వెళ్తాయి. ఒక మనిషికి నెలకు ఒక డబ్బా, మొత్తం ఆరు నెలలు. పోయిన ఏడాది 1,860 డబ్బాలు పంపాను. ఆరుతో భాగించి 310 మంది రోగులు అని తమకు రాసిచ్చాను. తమ రిజిస్టరులో ప్రైవేటు రోగులు 41. మిగతావాళ్ళు ఏమయ్యారని అడిగాను. జవాబు రాలేదు. రాకపోవడమే మంచిదైంది. నా లెక్క తప్పు.

2. తప్పు మా ఇంట్లోనే బయటపడింది. మా అక్క బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను మీద పని చేస్తుంది. ఆమె బట్టల కింద రెండు ఖాళీ డబ్బాలు దొరికాయి. మూత మీద ఎర్ర పెన్సిలుతో వేసిన షాపు నంబరు నా చేతిరాతే.

"అక్కా, ఎన్నాళ్ళు వాడావు?"

"రెండు నెలలురా. దగ్గు తగ్గింది కదా, ఇంకెందుకులే అని."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే ఊరంతా డప్పు కొట్టినట్టే. సూపర్‌వైజరుకు తెలిస్తే నా మిషను ఇంకొకరికి ఇచ్చేస్తాడు."

ఆమెను చూసిన ప్రైవేటు డాక్టరు గారు కూడా ఆమె బతిమాలిందని చీటీ మీద జబ్బు పేరు వేయలేదు. "దగ్గు, నీరసం" అని రాశారు. తెమడ పరీక్ష లేదు. ఎక్స్‌రే చూసి మందు ఇచ్చేశారు.

3. కావున నా లెక్క ప్రకారం మా అక్క మూడో వంతు మనిషి. ఆమెలాగా మధ్యలో మానేసిన ముగ్గురిని కలిపి, కోర్సు పూర్తి చేసిన ఒక్క రోగిగా తమకు రాసిచ్చాను. అందరూ రెండు నెలలకే మానేసి ఉంటే 930 మంది అవుతారు. అసలు సంఖ్య ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది. ఎక్కడో నాకు తెలియదు. తమకూ తెలియదు. తెలుసుకోవడానికి జీతం తీసుకునేది మాత్రం నేను కాదు.

4. దగ్గు మళ్ళీ వచ్చింది. ఈసారి రక్తం పడుతోంది. ఐదేళ్ళ మా మేనకోడలు ఆమె పక్కలోనే పడుకునేది. నిన్నటి నుంచి గోడ అవతల పడుకోబెడుతున్నాం. ఆ పిల్లను పరీక్ష చేయడానికి ఎవరూ రాలేదు. రిజిస్టరులో లేని ఇంటికి ఎవరొస్తారు?

5. తమ ఆఫీసుకు మూడుసార్లు వచ్చాను. రెండో అంతస్తులోని గుమాస్తా గారు, "పరీక్ష కాగితం లేనిదే పేరు ఎక్కదు బాబూ" అన్నారు.

"అయితే పరీక్ష చేయించండి."

"మనిషి పైకి రావాలి కదయ్యా."

"మెట్లెక్కే ఓపిక లేదండీ."

"అయితే కాస్త తగ్గాక తీసుకురా."

వెటకారంగా అనలేదు, అలవాటుగా అన్నారు. నేను కూడా సరేనని తల ఊపి దిగాను. అక్కడే అరిచి ఉండాల్సింది. మెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చేశాను. ముప్పై ఎనిమిది.

కావున నా పాత అర్జీలోని 310ని కొట్టివేయవలెనని, మా అక్కకు, పిల్లకు వెంటనే పరీక్షలు చేయించవలెనని, మందు మళ్ళీ మొదలుపెట్టించి ఆరో నెల దాకా ఒక మనిషి వచ్చి అడిగేలా చూడవలెనని, ఆమెను ఒకటి అని రాయవలెనని ప్రార్థన. ఇంతకన్నా మర్యాదగా రాయడం నాకు చేతకాదు. ఉన్నదాన్నే చిత్తగించవలెను.

ఇప్పటికి తమ విధేయుడు,
గోడౌను ప్యాకింగ్ కార్మికుడు

తా.క.: సోమవారం పదింటికి అక్కను బండిలో తీసుకొస్తున్నాను. ఆమెకు మెట్లెక్కే ఓపిక లేదు. రిజిస్టరు పట్టుకుని మీరే కిందికి దిగండి.