కొత్తదాని కడుపులో మీ అమ్మ కంప్యూటర్

మీ అమ్మ కంప్యూటర్‌ను తుక్కుకింద ఇచ్చేశానని నువ్వు నాతో అబద్ధమాడావు. కూర పొయ్యి మీద ఉంది, వేడి చేసుకు తిను. నీ కంప్యూటర్ మాత్రం ఆపకు.

కరెంటు బిల్లు చూద్దామని దాని ముందు కూర్చుని ఏదో నొక్కాను. తెర మధ్యలో ఇంకో తెర తెరుచుకుంది. ఆమె పెట్టుకున్న బంతిపూల బొమ్మ, ఆమె కళ్లకు ఆనే పెద్ద అక్షరాలు, ఆమె గీసుకున్న జాకెట్ల డిజైన్లు, అన్నీ అలాగే ఉన్నాయి. రిపేరు షాపతనికి ఫోన్ చేస్తే నవ్వాడు.

"పాతదాంట్లో ఉన్నదంతా మీ అమ్మాయి అలాగే కొత్తదాని కడుపులో పెట్టింది బాబాయ్! ఇప్పుడు రెండూ కలిసే నడుస్తాయి."

ఫోన్ పెట్టేలోపే ఆ లోపలి తెరలో గంట మోగింది. రోజూ ఆ వేళకు నాకు గుర్తు చెయ్యాలని ఆమె రాసి పెట్టిన మాట పైకొచ్చింది. "ఏమండీ, బీపీ మాత్ర వేసుకున్నారా? అబద్ధం చెప్పకండి."

ఆమె పోయాక ఆ మాత్రలు కొనడమే మానేశాను. నువ్వెంత పోరినా వినలేదు. ఇప్పుడు చూస్తే డబ్బా ఖాళీ. మందుల షాపుకు వెళ్తున్నాను.

ఇంకొకటి. ఆ లోపలి తెర కూడా ముయ్యకు, రేపు మళ్లీ గంట మోగాలి. నేను వచ్చాక ఈ సంగతి ఎత్తకు. నేనూ ఎత్తను, ఇక ఎప్పటికీ.