చార్లీ గదిలో పంపు

జూలై 8
పొద్దున్నుంచి ముసురు. కెమికల్ కంపెనీలో ఫస్ట్ షిఫ్ట్ చేసి వచ్చి అక్వేరియంలో ఉప్పునీళ్లు మార్చాను. ఎంపరర్ ఏంజెల్ చేప రొయ్య ముక్కను నా వేళ్ల మధ్య నుంచే లాక్కుని తిన్నది. నీ పెద్దకొడుకు తిన్నడా, ఇగ చిన్నోన్ని కూడ జెర చూడు అని నా భార్య బ్యూలా ఎగతాళి. మా చార్లీకి మూడేళ్లు. దగ్గు తగ్గడం లేదు.

జూలై 11
చేప తినలేదు. రాయి వెనక ఉన్నది.
గడ్డపోతారం ఫ్యాక్టరీల దిక్కు నుంచి మళ్లా వాసనొస్తుందని బ్యూలా కిటికీలు మూసింది. నాకేం రావడం లేదన్నాను. నీ ముక్కు కంపెనీల జమ చేసినవు గదా అన్నది.

జూలై 12
చేపలమ్మే సుధీర్ వచ్చి నీళ్లు టెస్ట్ చేశాడు. నీళ్లల్ల ఏం లేదన్నా, గాలే ఖరాబున్నది అన్నాడు. ఎయిర్ పంపు చుట్టూ ఉన్న గాలినే నీళ్లలోకి తోస్తుందట. మంచి గాలి ఉన్నకాడ పెట్టు, తింటది అన్నాడు.
ఇంట్లో గట్టిగా మూసి ఉండేది చార్లీ పడుకునే గది ఒక్కటే. కిటికీ సందులకు నేనే టేపు వేశాను. పంపు అక్కడ పెట్టి, గోడకు బొక్క కొట్టి, పైపు హాల్లోకి లాగాను. బ్యూలా పంపును చూస్తూ నిలబడింది.

జూలై 14
తినలేదు.

జూలై 15
మేతను వెల్లుల్లి రసంలో నానబెట్టమని సుధీర్ ఫోన్ చేశాడు. దంచుతుంటే అమ్మ వాకిట్లోంచి వచ్చి, ఏందిరా ఇల్లంత గుప్పుమంటున్నది అని అడిగింది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన ఏమీ రాలేదు. ఎవరికీ చెప్పలేదు.
చేప మేతను చూసి వెనక్కి జరిగింది. ఒక పక్కకు ఒరిగి ఈదుతోంది.

జూలై 16
పంపు ఏ గాలి పీలుస్తుందని బ్యూలా అడిగింది. చార్లీ గదిదే అన్నాను. మరి చార్లీ ఏ గాలి పీలుస్తుండు అన్నది. టేపు మళ్లీ వేస్తానన్నాను. సదాశివపేటలో వాళ్లన్న ఇంటికి పోదాం, నువ్వు కూడ రా, గా పని ఇడిసిపెట్టు అన్నది. పర్మనెంట్ ఉద్యోగం. సొంత ఇల్లు. చూద్దాం అన్నాను.
చార్లీ రాత్రంతా దగ్గాడు.

జూలై 17
ఏడు గంటల బస్సుకు బ్యూలా చార్లీని తీసుకుని వెళ్లింది. తొమ్మిదింటికి అమ్మ కూడా బట్టల సంచి పట్టుకుని వెళ్లిపోయింది. పదకొండుకు సుధీర్ వచ్చి, మంచి గాలి ఉన్నకాడ పెడతానని చేపను తీసుకుపోయాడు. ఒంటిగంటన్నరకు నేను సెకండ్ షిఫ్ట్ డ్యూటీకి వెళ్లాను.