నా ఎత్తు కొత్త బియ్యం

జూన్ 9, ఆదివారం

మానేశాను. బుధవారం నుంచి.

రాజకుమారి ఉన్నప్పుడు రోజూ ఒక వేళకి ఇక చాలండీ అనేది. ఆ మాట విన్నాక ఇంకొక్కటి పోసుకుని సీసాకి మూత పెట్టేవాణ్ణి. పెళ్ళయిన దగ్గర్నుంచీ అలాగే గడిచింది. పోయిన నవంబరులో జ్వరం వచ్చి చనిపోయింది. ఇప్పుడు చాలు అనేవాళ్ళు లేరు. ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. అందుకని మొదలుపెట్టడమే మానేశాను.

చర్చికి వెళ్ళలేదు. చేతులు వణుకుతున్నాయి. పాటల పుస్తకం పట్టుకుంటే పక్కవాళ్ళకి తెలిసిపోతుంది.

జూన్ 11

చెమట. దుప్పటి రెండుసార్లు మార్చాను. మూడోది లేదు.

జూన్ 14

గుడివాడలో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్నవాడు. నేను పాఠం చెప్పే కాలేజీలోనే ఇంటర్ చదివాడట. బోటనీ మీరే చెప్పారండీ అన్నాడు. నాకు గుర్తు లేదు. అలా ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయి మాస్టారూ, ముందు నా దగ్గరికి రావద్దా అని కోప్పడ్డాడు. ఇంట్లో ఎవరుంటారని అడిగాడు. ఎవరూ ఉండరు, పిల్లలు లేరు అన్నాను. ఇంకేమీ అడగకుండా మందులు రాశాడు.

బరువు యాభై నాలుగు. అందులో కొంత నీరేనట. పాదం మీద వేలితో నొక్కి చూపించాడు. గుంట పడి అలాగే ఉంది. మీరు సన్నటి మనిషినని అనుకుంటున్నారు, కాదు, మీకు తిండి లేదు అన్నాడు. నిజమే. మందు ముందు కూర్చున్నాక అన్నం అడ్డంగా అనిపించేది. రాజకుమారి ముద్దలు చేసి పళ్ళెంలో వరసగా పెట్టేది. రెండు తిని చెయ్యి కడుక్కునేవాణ్ణి.

జూన్ 23

నిద్ర పట్టింది. పాలవాడు తలుపు కొట్టేదాకా లేవలేదు.

జూలై 4

చెప్పులు వదులయ్యాయి. చీలమండ ఎముకలు బయటికి వచ్చాయి. చాలా కాలం తర్వాత కనిపించిన బంధువుల్లా వాటిని చూస్తూ కూర్చున్నాను. నీరు పోయింది. బరువు యాభై ఒకటి.

స్టాఫ్ రూంలో మాథ్స్ చంద్రశేఖర్ షుగరా అని అడిగాడు. కాదన్నాను. టెస్టు చేయించకుండా కాదని ఎలా చెప్తారు మాస్టారూ అన్నాడు. క్లాసుకి టైమైందని లేచాను.

జూలై 21

ఆకలి.

ఇలాంటి ఆకలి నాకు తెలియదు. పొద్దున ఇడ్లీ తిని గుడివాడ ట్రైన్ ఎక్కితే పెడన రాకముందే మళ్ళీ వేస్తోంది. నిన్న తిరిగొస్తూ బందరు కోనేరు సెంటర్లో నల్ల హల్వా పావుకిలో కట్టించాను. ఇంగ్లీషుపాలెంలో ఇంటి తాళం తీసేసరికి పొట్లంలో నెయ్యి మాత్రం మిగిలింది. భయం వేసి డాక్టరుకి ఫోన్ చేశాను. ఇన్నాళ్ళూ మందు రూపంలో లోపలికి వెళ్ళిన తీపి ఇప్పుడు వెళ్ళడం లేదు, ఒళ్ళు అది అడుగుతుంది, కొన్నాళ్ళు పెట్టండి, కానీ మితంగా అన్నాడు.

మితం. నాకు చెప్తున్నాడు.

ఆగస్టు 11

అంకమ్మ వచ్చింది. గిలకలదిండి నుంచి చేపల గంప తెస్తుంది. రాజకుమారి పోయాక మా గుమ్మం ఎక్కలేదు. గేటు దగ్గరే నిలబడి నన్ను పైకీ కిందకీ చూసి, ఏం బాబుగారూ, చెక్కిళ్ళొచ్చాయి, ఎవరొచ్చి వండుతున్నారేంటి అంది. నేనే అన్నాను. నమ్మలేదు. ఎవరైతే ఏంలెండి, మనిషి తింటే చాలు అని పక్కింటి వైపు చూసి నవ్వింది. సాయంత్రానికి వీధి చివరిదాకా వెళ్తుంది ఈ వార్త.

కానాగంత చేపలు తీసుకుని పులుసు పెట్టాను. ఉప్పు చాలలేదు. ఇన్నేళ్ళలో ఉప్పు చాలలేదని నాకు తెలియడం ఇదే మొదలు.

సెప్టెంబరు 8

కృష్ణకి వరద వచ్చి తగ్గింది. అత్తగారి ఊరు హంసలదీవి దారిలో. రాజకుమారి పేర అరెకరం ఉంది, పెళ్ళికి మామయ్య ఇచ్చింది. సాగు మా బావమరిది మత్తయి చేస్తాడు. నీళ్ళు దిగాయి, చేను బతికింది అని ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావు బావా అని అడగలేదు. రెండు మూడేళ్ళుగా అడగడు.

బరువు అరవై. ప్యాంటు హుక్కు పట్టడం లేదు. కాళ్ళూ చేతులూ ఇంకా పుల్లలే. ముందు పొట్ట వచ్చింది. బట్టల షాపులో కుర్రాడు టేపు నడుముకి చుట్టి, ఇంకో సైజు పైది తీసుకోండి సార్, మళ్ళీ వస్తారు అన్నాడు.

సెప్టెంబరు 15

అత్తయ్య ఫోన్. అల్లుడుగారూ, మానేశారని విన్నాను, నిజమేనా అని అడిగింది. ఎవరు చెప్పారో చెప్పలేదు. నిజమే అన్నాను.  

తర్వాత చెప్పింది. ఆరేళ్ళ క్రితం ఊరి చర్చిలో, కోతల పండగ రోజు, రాజకుమారి లేచి నిలబడి మొక్కుకుందట. మా ఆయన తాగుడు మానేస్తే ఆయన ఎత్తు కొత్త బియ్యం ఇక్కడే తూచి ఇస్తాను అని. నా చేలో పండినవే ఇస్తాను అని. నాకు చెప్పొద్దని అందరినీ అడిగిందట. చెప్తే బేరం అవుతుంది, ఆయనంతట ఆయన మానాలి అందట.

కాబట్టి ఊరంతటికీ తెలుసు. నాకు ఒక్కడికే తెలియదు. ప్రతి ఏడూ ఆ పండగకి కొత్త చొక్కా తొడుక్కుని వెళ్ళి ముందు వరసలో కూర్చునేవాణ్ణి. వెనక అందరూ నా ఎత్తు ఎంతుంటుందో చూస్తున్నారన్నమాట.

మొక్కు మిగిలిపోకూడదు అల్లుడుగారూ, దాని పేరు మీద ఉంది అంది అత్తయ్య. సరే అన్నాను.

అక్టోబరు 20, ఆదివారం

బంటుమిల్లిలో పెళ్ళి. అత్తయ్యవైపు బంధువులు. మత్తయి ఏడాది తర్వాత నన్ను చూశాడు. ముందు నా ముఖం చూశాడు. తర్వాత పొట్ట. ఇక అక్కడే ఆగాడు.

భోజనాలయ్యాక షామియానా వెనక్కి పిలిచాడు. బావా, అమ్మ అమాయకురాలు, నేను కాదు అన్నాడు. బీరు పొట్ట నాకు తెలియదా, మా రొయ్యల చెరువుల దగ్గర కుర్రాళ్ళకి రోజూ చూస్తున్నాను అన్నాడు. నేను మానేశాను అన్నాను. మానేసినవాడు చిక్కుతాడు, మా బాబాయి మానేసి చిక్కిపోయాడు, నువ్వేంటి పెళ్ళికొడుకులా నిగనిగలాడుతున్నావు అన్నాడు. తాగితే తాగు, ఎవరొద్దన్నారు, కానీ మా అక్క మొక్కు అబద్ధం మీద తీర్చొద్దు, ఆ బియ్యం నేను పట్టించను, నువ్వు చర్చిలో కాటా ఎక్కొద్దు అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

 వాణ్ణి మా పెళ్ళినాడు చంకనెత్తుకున్నాను. నాలుగేళ్ళు అప్పుడు. ఆమె తరఫున నాకు మిగిలింది వాడూ, అత్తయ్యా. వాడు నమ్మకపోతే నేను ఆ ఊరికి ఏ ముఖంతో వెళ్ళాలి?

అదే రోజు, సాయంత్రం 7

బందరులో బస్సు దిగాను. వైన్ షాపు ముందు నిలబడ్డాను. ఎలాగూ తాగానంటున్నారు. పాత పరిచయంతో షాపు కుర్రాడు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

తాగలేదు.

నవంబరు 17

ఏడాది అయింది. పొద్దున్నే సమాధి దగ్గరికి వెళ్ళాను. అత్తయ్య మొదటి బస్సుకి వచ్చింది. మత్తయి రాలేదు. చేలో పని అన్నాడట.

పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా అత్తయ్య నా జబ్బ పట్టుకుంది. పడిపోతుందేమో అనుకున్నాను. కాదు, సంతలో కోడిని చూసినట్టు నొక్కి చూస్తోంది. ఆమెన్ అన్నాక, కండ పట్టింది అంది. మీరు నాకు కొత్తగా అల్లుడైనప్పుడు ఇలా ఉండేవారు అంది. మత్తయికి చెప్పండి అన్నాను. చెప్తే వినడు, చూడటానికి పంపుతాను అంది.

తర్వాత ఇద్దరం అరటిపళ్ళు తిన్నాం. నేను నాలుగు.

డిసెంబరు 7

మత్తయి దిగాడు. కలెక్టరాఫీసులో పనుందన్నాడు. శనివారం కలెక్టరాఫీసు ఉండదు. 

నేను నీళ్ళు తాగి పెట్టిన గ్లాసు వాసన చూశాడు. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

డిసెంబరు 8

చర్చి నుంచి వచ్చేసరికి వాడు ఇల్లు వెతుకుతున్నాడు. దాచుకోలేదు. నన్ను చూసి కూడా ఆపలేదు. నేరుగా కూలర్ వెనక చెయ్యి పెట్టాడు. తర్వాత చెప్పుల స్టాండు కింద. తర్వాత నా బోటనీ పుస్తకాల వెనక. నేను మందు సీసాలు పెట్టే చోట్లన్నీ వాడికి తెలుసు. వాళ్ళక్క చెప్పి ఉంటుంది. ఆమెకి తెలుసని నాకు తెలియదు.

కూలర్ వెనక హల్వా డబ్బా దొరికింది. చెప్పుల స్టాండు కింద తొక్కుడు లడ్లు. పుస్తకాల వెనక పూతరేకులు, ఒకటి సగం కొరికింది. మూడూ తెచ్చి బల్ల మీద వరసగా పెట్టి నా వైపు చూశాడు. ఒంటరిగా ఉంటున్నవాడివి, ఎవరికి కనపడకుండా దాచావు బావా అని అడిగాడు.

ఆలోచించాను.  అలవాటు అన్నాను.

వాడు నేల మీద కూర్చుండిపోయి నవ్వాడు. వాళ్ళక్కలాగే నవ్వుతాడు, భుజాలతో. కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వు ఆగాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద అన్నం పడేశాను.

భోజనం అయ్యాక అమ్మకి ఫోన్ చేశాడు. తాగట్లేదే, మిఠాయి కొట్లకి కొట్లు మింగుతున్నాడు అన్నాడు. అత్తయ్య ఏమందో తెలియదు. హల్వా డబ్బా ఇద్దరం ఖాళీ చేశాం.

డిసెంబరు 9

మత్తయి వెళ్ళాడు. కలెక్టరాఫీసు ముందు నుంచే బస్సు ఎక్కాడు, లోపలికి వెళ్ళలేదు. కోతలు అయిపోయాయి, పట్టించడానికి మిల్లుకి వేస్తాను, పండగ దాకా ఆ తీపి ఆపు బావా, అక్క అరెకరం మొత్తం నీకే సరిపోయేలా ఉంది అన్నాడు.

జనవరి 12

డాక్టరు లివరు బాగుపడుతోందన్నాడు. షుగరు హద్దు దగ్గరే ఉంది, స్వీట్లు ఇక చాలు, నడవండి అన్నాడు. పొద్దున ఇంగ్లీషుపాలెం నుంచి చిలకలపూడి దాకా నడుస్తున్నాను. హల్వా ఆదివారం ఒక్క ముక్క. రెండు ఆదివారాలు రెండేసి.

పొట్ట కొంచెం తగ్గింది. భుజాలు వచ్చాయి. బరువు మాత్రం తగ్గలేదు. అరవై ఎనిమిది.

జనవరి 19

అత్తయ్యకి ఫోన్ చేశాను. మానేసిన నాటికి నేను యాభై నాలుగు, ఆ లెక్కే ఇవ్వాలి కదా, ఇంటి దగ్గరే తూచి తెచ్చేస్తే సరిపోతుంది అన్నాను. నలుగురి ముందు కాటా ఎక్కడం నా వల్ల కాదు. అది చెప్పలేదు.

అత్తయ్యకి అర్థమైంది. నా కూతురు నలుగురిలో నిలబడి అడిగింది, మీరు కూర్చుని ఇస్తానంటారా అంది.



ఫిబ్రవరి 2, ఆదివారం

కోతల పండగ. చర్చి ముందు పందిరి. గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. రొయ్యలు తూచే కాటా మత్తయి తెచ్చాడు. కడిగినా వాసన పోలేదు.

ఆరాధన అయ్యాక పాస్టరు దైవాధీనంగారు నా పేరు పిలిచారు. ప్రేమ్ సాగర్‌గారు, రాజకుమారమ్మగారి భర్త. ఎందుకు పిలిచారో చెప్పలేదు. ఎవరికీ చెప్పనవసరం లేదు. చెప్పులు విప్పాను. వెనక నుంచి ఎవరో ముసలాయన, ఫోను కూడా తియ్యండి బాబూ, ఫోను ఎత్తు మొక్కలేదు ఆ పిల్ల అన్నాడు. అందరూ నవ్వారు. ఫోను తీసి అత్తయ్య చేతిలో పెట్టి ఎక్కాను.

 

అరవై తొమ్మిది. మత్తయి పైకి చదివాడు. ఆడవాళ్ళవైపు నుంచి హమ్మో అని వినపడింది. నన్ను దింపి నేను నిలబడిన చోట నిండు బస్తా పెట్టాడు. రెండో సంచీలో చేటతో పోస్తూ అంకెలు చూస్తున్నాడు. అరవై తొమ్మిది అయ్యాక ఇంకో దోసెడు పోశాడు. ఇది నాది అన్నాడు.

తర్వాత వేలం. ప్రతి ఏడూ ఉండేదే, వచ్చినవన్నీ పాడి కొనుక్కుంటారు. ఒక్క గుమ్మడికాయకి మిల్లు గోవర్ధనరావుగారూ, హెడ్మాస్టరుగారూ పావుగంట పోటీ పడ్డారు. నా బియ్యం వంతు వచ్చింది. నేను చెయ్యి ఎత్తి ఒక ధర చెప్పాను. తక్కువే చెప్పాను, పెరుగుతుంది కదా అని. గోవర్ధనరావుగారు తల వంచి తన గుమ్మడికాయ చూసుకుంటున్నారు. ఎవరూ పాడలేదు. పాస్టరుగారు మూడుసార్లు అడిగారు. అంత పందిరిలో కోళ్ళు తప్ప ఎవరూ నోరెత్తలేదు. నాకే వదిలేశారని అప్పటికి అర్థమైంది.

నేనే నా పాట పెంచాను. మత్తయి నవ్వి, బావా నీ మీద నువ్వే పాడుకుంటున్నావు, ఎవరాపాలి నిన్ను అన్నాడు.

ఫిబ్రవరి 3

నిన్న రాత్రి మత్తయి బియ్యం ఆటోలో తెచ్చి దింపాడు. వంటింట్లో ఎలకలు. అందుకని పడగ్గదిలో పెట్టించాను, మంచానికి ఆమె పడుకునే వైపు.

ఇంట్లో నా అంత బరువు ఇంకొకటి ఉంది.

పొద్దున గ్లాసుడు తీసి వండాను. కొత్త బియ్యం, ముద్దయింది. ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టుకున్నాను. అన్నీ తిన్నాను.