ఆరు కిలోల అ

హుఫూఫ్,
అక్టోబరు 6

షట్టరింగు పని చేసే బాలన్నకు మదార్బీ దీవెనలు.

నన్ను నువ్వు చూడలేదు. మిమ్మల్ని క్యాంపు నుంచి సైటుకు తోలుకుపోయే బస్సు డ్రైవరు బాబ్జాన్‌కు నేను అత్తను. ప్రొద్దుటూరులో ముప్పైనాలుగేళ్ళు తెలుగు టీచరుగా పనిచేసి, ఊళ్ళో పిల్లలందరి చేతా అఆలు దిద్దించాను, ఒక్క నా మనుమరాలి చేత తప్ప. ఫర్హీన్‌కు ఆరేళ్ళు. ఇక్కడి బడిలో ఇంగ్లీషు, అరబ్బీ చదువుతుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, దానికి రాత కూడా ఉందంటే నమ్మదు. పెన్సిలిస్తే పారిపోతుంది. చేత్తో తడిమి ఆడుకునే వస్తువైతే వదలదు.

నా విజిట్ వీసా మూడు నెలలు. నేను విమానమెక్కేలోగా అది నా ఉత్తరం సొంతంగా చదవాలి. లేకుంటే వాళ్ళ నాన్న చదివి వినిపించాల్సిందే. బాబ్జాన్ చదివితే నా తిట్లు కూడా వాతావరణ వార్తల్లా ఉంటాయి.

యాభైఆరు అక్షరాలు, ఒక్కొక్కటి పలకంత, చెక్కతో చేసిపెట్టు. నీళ్ళు పడినా చెడకూడదు, నేలకేసి కొట్టినా విరగకూడదు. కాగితం మీద గీసి పంపుతున్నాను.

ఇట్లు,
మదార్బీ

తా.క.: నువ్వు మంచి పనివాడివని బాబ్జాన్ చెప్పాడు. మా ఇంటి మిక్సీ కూడా మంచిదేనంటాడు. అందుకే ఇన్ని షరతులు.

---

క్యాంపు,
అక్టోబరు 11

మదార్బీ టీచరమ్మకు బాలన్న దండాలు.

మీరు చెప్పినట్టే చెక్కతోని చేసిన. నమూనాకు ఒక్కటి పంపుతున్న. నీళ్ళకు చెడది, కొడితే ఇరగది. యాభై ఏండ్లకు నాది గ్యారంటీ.

మీ
బాలన్న

తా.క.: బస్సుల నుంచి దించేటప్పుడు రెండు చేతులతోని పట్టుకోండ్రి. కాళ్ళు పైలం.

---

హుఫూఫ్,
అక్టోబరు 13

బాలన్నకు దీవెనలు, ఈసారి కాస్త తక్కువగా.

నీ అ అందింది. సిమెంటుతో పోసి, లోపల ఇనుపచువ్వ కూడా పెట్టావు! తూకం వేయించాను, ఆరు కిలోలు. పిల్లకు అక్షరాలు నేర్పాలన్నాను గానీ, అక్షరాల మీద మేడ కట్టాలనలేదు కదా నాయనా. యాభైఆరూ దిగితే ఇంటి ఓనరు మమ్మల్ని బయటికి పంపుతాడు. చెక్క పంపు. చెక్క తప్ప ఇంకేమీ వద్దు.

నీ ఉత్తరం ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను. పాత అలవాటు, ఏమనుకోవద్దు.

ఇట్లు,
మదార్బీ

తా.క.: అ ప్రస్తుతం మా వాకిలి తలుపుకు అడ్డం ఉంది. ఇసుకగాలికి తలుపు కొట్టుకోవడం ఆగింది. ఆ మటుకు కృతజ్ఞురాలిని.

---

క్యాంపు,
అక్టోబరు 17

టీచరమ్మకు దండాలు.

మా పనిల చెక్క అంటే సిమెంటు పోసి గట్టిపడ్డంక ఊడవీకి పారేసేదే. అసలు వస్తువు సిమెంటు. పారేసే సామానే కావాలంటరని నాకెట్ల తెలుస్తది? ఆరు చెక్కలు నున్నగ గీకి, నూనె రాసి పంపుతున్న.

మీ
బాలన్న

తా.క.: మీ ఎర్రసిరా చూసి రూముల అందరం నవ్వినం. ఒక్కడు నవ్వలే.

---

హుఫూఫ్,
అక్టోబరు 20

బాలన్నా,

చెక్కలు అందాయి. నునుపు చూసి సంతోషించాను, సరిగ్గా తిప్పి చూసేంతవరకూ. ఒక్కొక్కటీ లోపలికి గుంట తవ్వి ఉంది. పైగా అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. అరబ్బీ కుడి నుంచి ఎడమకు రాస్తారని నాకూ తెలుసు. దానికోసం తెలుగును కూడా అటు తిప్పాలా? ఇవి నేర్చుకుంటే నా మనుమరాలు నా ఉత్తరాలు అద్దం ముందు కూర్చుని చదువుకోవాలి. రేపటి బస్సులో అన్నీ తిరిగి పంపుతున్నాను.

ఇట్లు,
మదార్బీ

తా.క.: పంపడం లేదు. కవరు అంటించబోతుంటే ఫర్హీన్ పెరట్లో తడి ఇసుకలో ఒక చెక్క అదిమి ఎత్తింది. చక్కటి అ. ఆ తర్వాత ఆ. ఖర్జూరం ముద్దలో ఇ చేసి, పేరు చెప్పి మరీ మింగింది. అవి మూసలని నాకు తట్టలేదు. ముప్పైనాలుగేళ్ళ సర్వీసులో ఇంత మంచి బోధన సామగ్రి చూడలేదు. పైన తిట్టినదంతా కొట్టేయాలి గానీ, వాక్యాలు బాగా కుదిరాయి, చేయి రాలేదు. చల్లగా ఉండు నాయనా. మిగతావి శుక్రవారాలు తెచ్చివ్వు. ఉగ్గాని చేసిపెడతాను.

---

హుఫూఫ్,
డిసెంబరు 14

బాలన్నకు దీవెనలు.

పోయిన నెల రాసిన ఉత్తరానికి జవాబు లేదు, ఇది రెండోది. నీ మేలు మరిచి రాస్తున్నాననుకోవద్దు. అయినా అడుగుతున్నాను, వారానికి అయిదే ఎందుకు తెస్తున్నావు? చెక్క దొరకలేదంటావు. మీ సైటులో చెక్క గుట్టలుగా పడి ఉందని బాబ్జాన్ చెబుతున్నాడు. నేను చాయ్ పెట్టి తెచ్చేలోగా పిల్లతో కలిసి ఇసుకలో కూర్చుంటావు. ఆడుకునే వయసా నీది?

ఇంకా పది అక్షరాలు రావాలి. నా విమానం ముప్పై ఒకటిన. పిల్ల ఇసుకలో అక్షరాలు ఎన్నైనా చేస్తుంది గానీ, చదవమంటే నా ముందు నోరు విప్పదు. వచ్చిందో రాలేదో తెలియకుండానే వెళ్ళిపోతానేమోనని దిగులుగా ఉంది.

ఇట్లు,
మదార్బీ

తా.క.: జవాబు రాయనిది నా ఎర్రసిరాకు భయపడైతే, ఆ పెన్ను వారం నుంచి కనబడటం లేదు. ధైర్యంగా రాయి.

---

క్యాంపు,
డిసెంబరు 29

టీచరమ్మకు దండాలు.

ఇది నా చేతిరాత. మొదటి రెండు ఉత్తరాలు మా రూము స్వామి రాసిండు. నాకు సదువు రాకుండె. మీ కాగితం మీద గీతలు చూసి మూసలు కోసిన, ఏది ఏందో తెల్వకుంటనే. మీరు దిద్దినయి స్వామి తప్పులు. ఆయన అలిగిండు. ఇగ నేను రాయ, నువ్వే నేర్చుకో అన్నడు.

మీరు చాయ్ పెట్టేటప్పుడు ఫర్హీన్ నేర్పింది. ఇసుకల మూస అదిమి, సదువు మామా అంటది. గుణింతాలు వేలుతోని దిద్దిస్తది. తప్పు చెప్తే అచ్చం మీ లెక్కనే తిడ్తది. చెక్క మస్తున్నది టీచరమ్మా. అన్నీ ఒక్కసారే తెస్తే నేను నేర్చుకునేదెట్ల? అందుకే అయిదు.

పిల్ల సదవదని రంది పడకుండ్రి. మీరు నాకు రాసిన ఆఖరి రెండు ఉత్తరాలు జేబుల పెట్టుకొస్తే సదివి వినిపించింది ఆమెనే. తిట్లు తిట్ల లెక్కనే సదివింది.

నలభైమూడేండ్లకు నా పేరు నేను రాసుకున్న. మీ మేలు మరువ.

బాలన్న

తా.క.: జేజీ, ఇది ఫర్హీన్. మామ ఉత్తరంలో ఏడు తప్పులు నేనే దిద్దినా. పదికి తొమ్మిది. ఇసుకలో చాయ్ ఒలకబోసినందుకు ఒక మార్కు పోయింది. నీ ఎర్ర పెన్ను నా దగ్గరే ఉంది. ఊరికి పోయినాక ఉత్తరం రాయి. దిద్ది పంపుతా.